అదీ ఒక ఆటేనా!

ఆటను ఆడకుండానే దాని మీద తీర్పు చెప్పడంలో నన్ను మించినవాడు జనగామలో లేడని చాలా ఏళ్లు నమ్మాను. ఊరికే నమ్మలేదు లెండి, నాకు అర్హత ఉండేది. స్టేషన్ రోడ్డుకు దగ్గర్లో నెట్ సెంటర్ నడిపినవాణ్ణి. ఏ ఆట పెడితే కుర్చీలు నిండుతాయో, ఏది పెడితే ఈగలు తోలుకోవాలో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్, ఆపైన వైస్ సిటీ. 2003లో వైస్ సిటీ కంప్యూటర్లకు వచ్చాక కొన్నేళ్లపాటు నా దుకాణం కిరాయి, కరెంటు బిల్లు ఆ ఒక్క ఆటే కట్టింది. సీడీలు సికింద్రాబాద్ నుంచి తెచ్చేవాణ్ణి. అవి అసలువా నకిలీవా అని అడగకండి. ప్యాంజర్ అని కొడితే రోడ్డు మీద యుద్ధ ట్యాంకు ఊడిపడేది. టెన్త్‌లో ఇంగ్లిష్ తప్పిన పిల్లగాడు కూడా ఆ స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తప్పేవాడు కాదు.

ఆ రోజుల్లోనే రఘునాథపల్లి నుంచి వచ్చే ఒక పిల్లగాడు, "అన్నా, రైలు ఆట పెట్టవా" అనడిగాడు. మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ అని 2001లో వచ్చింది. తయారు చేసింది కుజూ అనే బ్రిటిష్ కంపెనీ. ఇంగ్లండ్, అమెరికా, జపాన్ రైలు దారులు అందులో ఉంటాయి. నేను నవ్వాను. నవ్వి ఊరుకుంటే బాగుండేది. సెంటర్‌లో అందరికీ వినపడేలా అన్నాను: "రైలుకు స్టీరింగే ఉండదు కదరా. పట్టాలు ఎటు పోతే అటు పోతది. ఇగ నువ్వాడేదేంది?" అందరూ నవ్వారు. ఆ పిల్లగాడు కూడా నవ్వాడు, ఇంకేం చేస్తాడు.

ఆ మాట నాకే బాగా నచ్చింది. దాన్నొక సిద్ధాంతం చేసుకున్నాను. బతుకులో చేయలేనిది చేయించేదే ఆట; బతుకులో చేసే పనే మళ్లీ చేయించేది ఆట కాదు. తుపాకీ పేల్చడం ఆట, బస్సు నడపడం డ్యూటీ. 2008లో స్విట్జర్లాండ్‌లో జెయింట్స్ అనే కంపెనీ వ్యవసాయం చేసే ఆట తెచ్చిందని చదివి, మా వీధిలో పత్తి వేసే రైతుకు చెప్పి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ట్రాక్టర్ తోలడానికి పైసలిచ్చి ఆట కొంటారా! ఆ ఆటకు 2019లో ఏకంగా లీగ్ పెట్టారు, గడ్డి కట్టలు ఎవరు ముందు ఎత్తుతారని పోటీలు నడుస్తున్నాయి. అది తెలిశాక కూడా నా సిద్ధాంతానికి చిన్న గీత పడలేదు. తెల్లోళ్లకు పని లేదు అనుకున్నాను.

2016లో జియో వచ్చి నెట్ సెంటర్‌ను మింగింది. ఆ యేడే అక్టోబర్‌లో మా ఉమ్మడి వరంగల్‌ను ముక్కలు చేసి జనగామను జిల్లా చేశారు కాబట్టి ఆఫీసులొచ్చాయి, దరఖాస్తులొచ్చాయి. నేను బోర్డు మార్చి జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ పెట్టాను. కులం, ఆదాయం, ఎంసెట్, పింఛన్లు. ఆటల తీర్పరిగా మాత్రం రిటైర్ కాలేదు. 2020 చివర్లో, ఏళ్ల తరబడి ఊరించి ఊరించి వచ్చిన ఒక మహా పెద్ద ఆట కోసం ఇంట్లో చెప్పకుండా కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. ఆట పేరు చెప్పను, కార్డు ధర అసలే చెప్పను. నా కంప్యూటర్‌లో అందులోని మనుషులు గోడల్లోంచి నడుచుకుంటూ వచ్చేవాళ్లు. అయినా "సూపర్ ఉంది" అని అందరితో చెప్పాను. పైసలు పెట్టినవాడు ఇంకోలా ఎట్లా చెప్తాడు?

మా అత్తగారిది మహబూబాబాద్. పాత పేరు మానుకోట, ఇంట్లో ఇప్పటికీ అదే పేరు. మా బామ్మర్ది ఆర్‌ఆర్‌బీ పరీక్షలు రాస్తూ ఉంటాడు. రాత్రిళ్లు రైలు ఆట ఆడతాడు. ఓపెన్ రెయిల్స్ అని, పాత మైక్రోసాఫ్ట్ ఆటకు కొనసాగింపుగా అభిమానులే చేసుకున్నది, ఉచితం. మైక్రోసాఫ్ట్ తన ఆట రెండో భాగాన్ని 2009లో మధ్యలోనే ఆపేసినా వీళ్లు వదల్లేదు. మన వ్యాప్-7, వ్యాగ్-9 ఇంజన్లను కూడా మనవాళ్లు కూర్చుని బొమ్మగట్టి పెట్టారు. ఇవేవీ తెలియకుండా, ఒక పండుగ పూట అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు మా అత్తమ్మతో అన్నాను: "వీనికి నౌకరి రాకపోవుడుకు గా రైలు ఆటనే కారణం అత్తమ్మా. స్టీరింగ్ లేని బండి తోలుకుంట కూసుంటే బుర్ర పనిచేస్తదా?" పాత జోకు, కొత్త చోట. అత్తమ్మ నవ్వలేదు. బామ్మర్ది పప్పు కలుపుకుంటూ, "నువ్వొకసారి తోలు బావా" అని మాత్రం అన్నాడు.

తోలే రోజు 2024 సెప్టెంబర్ మొదట్లో వచ్చింది. ఆ వానలు గుర్తుండే ఉంటాయి. ఆకేరు పొంగింది, ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో జనగామకు పోదామనుకున్నవాణ్ణి మానుకోటలోనే ఇరుక్కున్నాను. బయట రైలన్నది లేదు. బామ్మర్ది లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు.

గూడ్స్ బండి ఇచ్చాడు. కదిలించడం తేలికే. నా మాట నిజమే, స్టీరింగ్ లేదు. స్టేషన్ దగ్గరపడుతోంది, ముందు ఎర్ర సిగ్నల్. బ్రేకు వేశాను. ఏమీ కాలేదు. ఇంకా వేశాను. మెల్లగా, నా మీద దయతలచినట్టు బండి నెమ్మదించింది. మరీ ముందే ఆగిపోతుందేమోనని వదిలాను. వేగం అందుకోవడంతో మళ్లీ పట్టాను, మళ్లీ వదిలాను. చివరికి గట్టిగా పడితే బ్రేకు లేదు! బండి ఎర్ర సిగ్నల్‌ను, ప్లాట్‌ఫాంను, బొమ్మల జనాన్ని దాటుకుంటూ పోయింది.

"బావా, గిది నిజమైతే నీ నౌకరి పోయినట్టే," అన్నాడు బామ్మర్ది.

అప్పుడు చెప్పాడు. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక గాలి పైపు ఉంటుంది. అందులో గాలి నిండుగా ఉన్నంతసేపు, మన రైళ్లలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి, బ్రేకులు వదిలి ఉంటాయి. గాలి తగ్గిస్తే పట్టుకుంటాయి. తగ్గించడం సులువు. తిరిగి నింపాలంటే మాత్రం వెనక పెట్టెలన్నిటికీ గాలి చేరేదాకా ఓపిక పట్టాలి. నాలాగా పట్టి వదిలి, పట్టి వదిలి చేశామా, ప్రతి పెట్టె కింద దాచి ఉన్న గాలి కరిగిపోయి, అసలు అవసరానికి బ్రేకు మిగలదు. అందుకే నడిపేవాడు సిగ్నల్ కనపడక ముందే లెక్క వేసుకుంటాడు: బరువెంత, ఎక్కుడా దిగుడా, పట్టాలు తడిగా ఉన్నాయా. ఒక్కసారి పట్టాలి, సరిగ్గా పట్టాలి. స్టీరింగ్ లేకపోవడమే ఈ ఆటలో కష్టం. తప్పుకుపోవడానికి దారి ఉండదు, ఆగడం ఒక్కటే చేతిలో ఉంటుంది.

కరెంటు పోయి లాప్‌టాప్ చార్జింగ్ అయిపోయేదాకా తోలాను. ఒక్కసారి కూడా ప్లాట్‌ఫాం మీద సరిగ్గా ఆపలేకపోయాను. అత్తమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. రెండోసారి పిలిచిన గొంతులో కొంచెం సంతోషం ఉందని నా అనుమానం.

వాన తెరిపిచ్చాక బస్సులో జనగామకు బయల్దేరితే, ముందు సీట్లో ఒక పిల్లగాడు బస్సులో కూర్చుని ఫోన్‌లో బస్సు తోలుతున్నాడు. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా, 2017లో మాలియో అనే కంపెనీ తెచ్చింది. ఆ దేశంలో రోడ్డు పక్కన నిలబడి, వచ్చే పోయే బస్సు డ్రైవర్లను హారన్ కొట్టమని అడగడం 2016లో పిల్లలకు పెద్ద వెర్రి. ఆ హారన్ కూడా ఆటలో పెట్టారు. కానీ వాడి ఫోన్‌లో ఉన్నది పల్లె వెలుగు. రంగులతో సహా మన ఆర్టీసీ బస్సు. ఎవరో కూర్చుని రంగులు వేసి వదిలిపెట్టారట. ఈ ఆట ఊళ్లల్లో ఇంతగా ఎందుకు అల్లుకుందా అని నెత్తి గోక్కున్నాను. సంగతి చిన్నది. ఇండోనేషియాలో కూడా మనలాగే ఎడమ పక్క నడుపుతారు. యూరప్ లారీల ఆటలో ఎక్కువ చోట్ల ఎదురు పక్క నడపాలి. మనవాడికి మన రంగు బస్సు, మన పక్క రోడ్డు దొరికాయి. మిగతాది వాడే ఊహించుకున్నాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆ పిల్లగాడు, మా డ్రైవర్ ఒకేసారి బ్రేకు వేశారు. పిల్లగాడిదే మెత్తగా పడింది.

ఇప్పుడు చెప్పుకోవడానికి అంత ఇష్టం లేనిది.

బామ్మర్ది నా ఫోన్‌లో ఇంకో ఆట పెట్టి పంపాడు. పేపర్స్, ప్లీజ్. లూకస్ పోప్ అనే ఆయన ఒక్కడే తయారు చేసి 2013లో విడుదల చేశాడు. ఫోన్లకు 2022లో వచ్చింది. ఆర్‌స్టోట్జ్‌కా అని లేని దేశం, దాని సరిహద్దులో ఒక గది, అందులో కాగితాలు చూసే గుమాస్తా. అంతే. వచ్చినవాళ్ల పాస్‌పోర్టు చూడాలి, పేరు, తేదీ, ఫొటో కలుస్తున్నాయా చూడాలి, ఆకుపచ్చ ముద్రో ఎర్ర ముద్రో కొట్టాలి. పొద్దంతా ఆధార్లు, కుల ధ్రువీకరణలు చూసి కళ్లు కాయలు కాసినవాడికి ఇంటికొచ్చాక మళ్లీ కాగితాలా! బామ్మర్ది నన్ను ఎక్కిరిస్తున్నాడనే అనుకున్నాను. నిద్రపట్టక తెరిచాను.

మనిషికి 5 క్రెడిట్ల జీతం. ఎంతమందిని సరిగ్గా చూస్తే అంత. రాత్రికి ఇంటి అద్దె, తిండి, చలి కాచుకోవడానికి ఖర్చు. పెళ్లాం, కొడుకు, అత్తతో సహా అందరూ నీ మీదే. రోజుకు రెండు తప్పుల దాకా హెచ్చరిక చీటీ వస్తుంది. మూడో తప్పుకు 5 క్రెడిట్ల కోత. ఒకరోజు ఒకతను వచ్చాడు, కాగితాలన్నీ సక్రమం. పోతూ పోతూ, వెనకాల నా భార్య ఉంది, కొంచెం చూడండి అన్నాడు. ఆమె వచ్చింది. ప్రవేశ పత్రం లేదు. వెనక్కి పంపితే చంపేస్తారంటోంది. నా రెండు హెచ్చరికలు అప్పటికే అయిపోయాయి. ఆకుపచ్చ ముద్ర కొట్టాను. ప్రింటర్ గరగరమని చీటీ కక్కింది. 5 క్రెడిట్లు పోయాయి. ఆ రాత్రి కొడుకు మందు కొనలేకపోయాను. అయినా నా మంచితనానికి నాకే ముచ్చటేసి, ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున షట్టర్ తీసి ఒకటి రెండు దరఖాస్తులు చూశాక గుర్తొచ్చింది. మొన్ననే కదా ఒక పెద్దవ్వ ఆసరా పింఛను పనికి వచ్చింది. ఆధార్‌లో లచ్చమ్మ, బ్యాంకు పుస్తకంలో లక్ష్మమ్మ. "పేరు కలుస్తలేదవ్వా, సరిచేయించుకుని రా" అన్నాను. ఎక్కడ సరిచేయించుకోవాలి బిడ్డా అంటే, బ్యాంకుకు పో అన్నాను, తలెత్తకుండా. ఆ దరఖాస్తు నేనే రాసివ్వొచ్చు. ఎవరూ నాకు చీటీ కొట్టరు, జీతంలో కోయరు. భోజనం వేళ దాటింది, అంతే. రాత్రి అసలు లేని ఆడమనిషి కోసం కొడుకు మందు వదులుకున్న ధర్మాత్ముణ్ణి నేనే.

పెద్దవ్వ మళ్లీ రాలేదు. వేరే సెంటర్‌కు పోయి ఉంటుంది. ఊళ్లో చాలా ఉన్నాయి.

ఇట్లాంటి ఆటలు చేసినవాళ్ల తెలివి ఏమిటో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఒక పనిని మొత్తంగా దించరు. ఆ పనిలో మనిషి ఊపిరి బిగబట్టే ఒక్క చోటు ఎక్కడుందో వెతికి పట్టుకుని, మనల్ని తెచ్చి అక్కడ నిలబెడతారు. రైలుకు అది గాలి పైపు. గుమాస్తాకు అది మూడో చీటీ. ఇరవై ఏళ్లు కౌంటర్ వెనక కూర్చుని నేను ఆ చోటును నా పనిలోనే చూడలేదు, ఇంక ఆటలో ఏం చూస్తాను!

బుద్ధి వచ్చిందనుకున్నారా? భూపాలపల్లి సంగతి కూడా వినండి. మా సడ్డకుడు అక్కడ సింగరేణిలో, కేటీకే ఇంక్లైన్‌లో బాయి దిగుతాడు. వాళ్ల కొడుకు దోస్తులతో కలిసి డీప్ రాక్ గెలాక్టిక్ ఆడుతున్నాడు. డెన్మార్క్‌లోని ఘోస్ట్ షిప్ గేమ్స్ వాళ్లది, 2020లో పూర్తిగా వచ్చింది. నలుగురు మరుగుజ్జులు ఏదో గ్రహంలో గనులు తవ్వుతారు, పురుగులు మీద పడతాయి. నేను పిల్లగాణ్ణి పక్కకు పిలిచి, "మీ బాపు ముంగట ఆడకు. రోజూ గనిలో చచ్చేటోనికి గనుల ఆట చూపిస్తే మనసు కష్టమైతది" అని బోధ చేశాను. పాత సిద్ధాంతమే, ఈసారి జాలి రంగు వేసుకుని వచ్చింది.

సడ్డకుడు సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా కొడుకు వెనకాల నిలబడ్డాడు. కాసేపు చూశాడు. మొదలుపెట్టాడు.

"గదేందిరా, కప్పుకు బోల్టులు లేవు? ప్రాప్ లేదు? గిట్ల తవ్వితే మా మేనేజర్ సస్పెండ్ చేస్తడు." ఇంకాసేపటికి, "సర్దార్ ఏడి? గ్యాస్ చూసినోడెవడు?" పిల్లగాడు తెరలో ఒక దివిటీ విసిరాడు. అది ఎర్రగా కాసేపు వెలిగి ఆరిపోయింది, మళ్లీ ఏమీ కనపడలేదు. సడ్డకుడు మాట్లాడడం ఆపి కుర్చీ లాక్కున్నాడు. "చీకటి మాత్రం కరెక్టే అన్నా," అన్నాడు నాతో.

తవ్వకం అయిపోయింది. బటన్ నొక్కితే తీసుకుపోయే వాహనం దిగుతుంది, టైము అయిపోయేలోపు ఎక్కాలి, లేదంటే వదిలేసి పోతుంది. ఒక్కడు ఎక్కినా ఆట గెలిచినట్టే. ఇద్దరు దోస్తులు అంతకుముందే మధ్యలో వెళ్లిపోయారు, మిగిలింది మావాడు, ఇంకో పిల్లగాడు. ఆ పిల్లగాడు సొరంగంలో పురుగుల మధ్య పడిపోయాడు. మావాడు వాహనం వైపు ఉరికాడు.

"వాణ్ణి ఇడిసిపెట్టి యాడికి?" సడ్డకుడు గట్టిగా అన్నాడు.

"ఒక్కన్ని ఎక్కితే సాలు బాపూ!"

"మర్లు. ముందు వాణ్ణి తీయ్."

మర్లాడు. దోస్తును లేపాడు. ఇద్దరూ ఉరికొచ్చేసరికి వాహనం లేచిపోయింది. తవ్విందంతా దాదాపుగా పోయింది. పిల్లగాడి ముఖం ఎర్రబడింది. సడ్డకుడు మాత్రం ఏమీ జరగనట్టు అన్నం పెట్టమని లోపలికి కేకేస్తూ లేచాడు. పళ్లెం ముందు కూర్చుని, కప్పుకు బోల్టులు ఎందుకు పెట్టలేదో ఆ కంపెనీవాళ్లకు రాయమని నాకు చెప్పాడు. ఆన్‌లైన్ సెంటర్ నాదే కదా.

నేను ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాను. మౌస్ నా వైపు లాక్కుని, ఆ దివిటీ ఎట్లా విసరాలని అడిగాను.

"ముందుగాల మా బాపును పండుకోబెట్టి రా పెద్దబాపూ," అన్నాడు పిల్లగాడు, "అప్పుడు చెప్త."