జీర్ణబేసోద్ధరణము: టీకా తాత్పర్య సహితము

మూలము (ఆటవెలది)

పాత బేసు చేతఁ బట్టినవాఁడెల్ల
మెడను చూడవలయు, మెరుపు కాదు;
తొలచినట్టి చెక్క తొల్లిటి చెక్కౌనె,
రంగు పూసినంత రాదు విలువ.

అవతారిక: కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణపు ఫెండర్ కర్మాగారమున పుట్టిన 1972 నాటి ప్రెసిషన్ బేస్ ఒకటి అమ్మకానికి వచ్చినది. ఒంటి మీద అసలు రంగు లేదు. బ్రిడ్జి పక్కన జాజ్ బేస్ పికప్ ఒకటి అదనముగా వెలసినది. తీసిన భాగములన్నియు సంచిలో భద్రమని అమ్మువాడు ఒట్టు పెట్టుచున్నాడు. దీనిని పూర్వస్థితికి తెచ్చుట తగునా అని ఊగిసలాడు కొనుగోలుదారునకు కవి హితవు చెప్పుచున్నాడు.

టీక:

పాత బేసు = వయసు మీరిన బేస్ గిటార్. ప్రెసిషన్ 1951లోను, జాజ్ బేస్ 1960లోను పుట్టినవి. 1965లో సీబీఎస్ కంపెనీ ఫెండర్‌ను కొన్నది. అంతకు ముందువాటికి గిరాకీ మెండు. మనది ఆ తరువాతిది గనుక బేరమునకు చోటున్నది.

చేతఁ బట్టినవాఁడు = ఫొటో చూచి బయానా పంపినవాడు కాడని భావము. చేతఁ బట్టుట యనగా విప్పి చూచుట. సీరియల్ నంబరు మెడ వెనుక పలకపై నుండును. ఆ పలక నాలుగు మరలు విప్పిన ఊడి వచ్చును. కావున దాని సాక్ష్యము చెల్లదు. వాల్యూమ్ పాట్ వీపు చూడవలెను. 1377213 అని యున్నచో 137 అనగా సీటీఎస్ కంపెనీ, 72 సంవత్సరము, 13 వారము. ఇది పాట్ పుట్టిన తేదీయే గాని గిటారుది కాదు. పక్కనే టంకము కొత్తగా తళతళలాడిన, ఎవడో చేయి పెట్టెనని గ్రహింపవలెను.

మెడను = నెక్కును. ఆ కాలపు ప్రెసిషన్‌లో, మెడను నిటారుగా నిలుపు ట్రస్ రాడ్ నట్టు మెడ మడమ వద్ద నుండును. నట్టు తిరిగి, మెడ మెలిక పడక నిలిచిన, తక్కిన దోషములన్నియు సహింపదగినవి. నట్టు అరిగి తిరుగనిచో, ముందు దాని మరమ్మతు ఖర్చు తేలవలెను. రంగు మాట తరువాత.

మెరుపు = క్రోమ్, వార్నిష్ వగైరా.

తొలచినట్టి చెక్క = రౌటరుతో గుంట తీసిన బాడీ. అదనపు పికప్పులు పెట్టించుట, రంగు గీకి చెక్క కనబరచుట డెబ్బైల దశాబ్దపు వేడుకలు.

పాఠాంతరము: 'మెడను' అనుచోట 'ధరను' అని దళారుల ప్రతులలో నున్నది. అర్థము కుదురును గాని యతి చెడును. కావున అగ్రాహ్యము.

తాత్పర్యము: మార్పులు రెండు తెరగులు. మరతో వచ్చినది మరతోనే పోవును. అసలుదానికి బదులు పెట్టిన బడాస్ కంపెనీ బ్రిడ్జి పాత రంధ్రములలోనే కూర్చున్నచో దానిని తీసి అసలు బ్రిడ్జి పెట్టుట పది నిమిషముల పని. రౌటరు తిన్న చెక్క మాత్రము తిరిగి రాదు. గుంటలో వేరు చెక్క అతికి, పైన రంగు కొట్టించినచో అది ఉద్ధరణ కాదు, మరియొక మార్పు. అసలు రంగు పోయిన వాద్యమునకు సగము ధర యని వర్తకుల నోటిలెక్క. ఎంత చక్కగా పూసినను కొత్త రంగు కొత్తదే.

పూర్వపక్షము: "జాకో పస్టోరియస్ వాయించిన 1962 జాజ్ బేస్‌కు ఫ్రెట్లు లేవు, ఫింగర్‌బోర్డుపై ఎపాక్సీ పూత. అయినను బేసు లోకము దానికి మొక్కుచున్నది. మార్చిన బేసుకు విలువ తగ్గుననుట ఎట్లు?"

సమాధానము: మ్రొక్కు జాకో చేతులకు, 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమునకు. పేరు తెలియని కుర్రవాడు పీకిన ఫ్రెట్లకు ఆ పుణ్యము సంక్రమింపదు. అటు మోటౌన్ రికార్డుల బేసు వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ తెగినఁ గాని తీగ మార్చెడివాడు కాడని ప్రసిద్ధి. ఇద్దరును మహానుభావులే. కావున మార్చుట వలన గొప్పయు లేదు, మార్చకుండుట వలన గొప్పయు లేదు. అమ్మునపుడు మాత్రము తేడా కలదు.

సిద్ధాంతము: అడిగిన ధర, లూథియర్ (గిటారు పనివాడు) కూలి, వెదకి కొనవలసిన భాగముల వెల కూడవలెను. ఆ మొత్తము, ముట్టని 1972 బేసు ధరను చేరుచున్నచో ఉద్ధరణ మాట కట్టిపెట్టి ఆ ముట్టనిదే కొనవలెను. మెడ గట్టిదై, సంచిలో అసలు పికప్పు, పాట్‌లు నిజముగా నున్నచో వానిని పెట్టించి, ఫ్రెట్లు సరిచేయించి, రంగు జోలికి పోరాదు. గుంటలోని రెండవ పికప్పు మోగుచున్నచో మోగనిమ్ము. తీసినచో మిగులునది గుంటయే.

ఫలశ్రుతి: దీనిని కొనుటకు ముందు చదివినవారికి డబ్బు మిగులును. కొన్న పిదప చదివినవారికి, వాయించుకొనుటకు బేసు మిగులును.