ఎడారి రాజుకి ఓడల పాఠం

కొన్నాళ్ళుగా ఒక అనుమానం పంటికింద రాయిలా తగులుతోంది. సివిలైజేషన్ అనే కంప్యూటరు గేములో ఆట మొదలయ్యేది మొదటి టర్నులో కాదు, నాయకుణ్ణి ఎంచుకునే తెరమీదే సగం అయిపోతోందని. ఆ తెర ఎలా ఉంటుందో ఆడేవాళ్ళకి చెప్పక్కర్లేదు. క్రీస్తుపూర్వం 4000 నుంచి ఆరువేల ఏళ్ళ చరిత్ర నీ చేతిలో పెడుతున్నాం, ఎటు నడిపిస్తావో నీ ఇష్టం అంటారు. ఆ పక్కనే నాయకుడి గుణం రెండు ముక్కల్లో రాసి ఉంటుంది. అది చదివాక ఇంక మన ఇష్టం ఎక్కడిది? గుణం ఆటగాడికి బలాన్నిస్తుందని అందరూ మెచ్చుకుంటారు గానీ, దానితోపాటు వచ్చే బెంగ గురించి ఎవరూ మాట్లాడరు. చేతికొచ్చింది వృథా పోతుందేమోనని బెంగ. రెండు చీరలు కొంటే మూడోది ఉచితం అన్న బోర్డు చూసి కూడా ఒక్క చీరతో కొట్టు దిగివచ్చిన మనిషిని చూపించండి, నా వాదన వెనక్కి తీసుకుంటాను.

2005లో వచ్చిన నాలుగో సివిలైజేషన్నే తీసుకోండి. అందులో ప్రతి నాయకుడికీ రెండు గుణాలు. ఫైనాన్షియల్ గుణం ఉన్నవాడికి, అప్పటికే రెండు వర్తకం పండే గడిలో ఇంకొకటి అదనంగా పండుతుంది. నది ఒకటి ఇస్తుంది, ఒడ్డున వేసిన పాక ఒకటి ఇస్తుంది, రెండయ్యాయి కాబట్టి గుణం మూడోది ఇస్తుంది. అంతే, ఆ రాజు ఇంక కన్ను నది మీంచి తిప్పడు. ప్రపంచ చరిత్ర నడపమంటే ఏటిగట్టు రియల్ ఎస్టేటు నడుపుతాడు. 2010 నాటి ఐదో ఆటలో గాంధీగారి సంగతి మరీ అన్యాయం. ఐదో ఆటలో ఆయన గుణం ఏమిటంటే, ఊళ్ళ సంఖ్య వల్ల కలిగే అసంతృప్తి రెట్టింపు, జనాభా వల్ల కలిగేది సగం. దీని అర్థం లెక్కలు రానివాడికైనా తెలుస్తుంది. ఊళ్ళు తక్కువ పెట్టు, ఉన్నవాటిని ఉబ్బించు. జీవితమంతా గ్రామస్వరాజ్యం అన్న మనిషిని పట్టుకుని నాలుగు మహానగరాలు కట్టించి కూర్చోబెట్టారు!

ఆరో ఆటలో చంద్రగుప్తుడైతే ముహూర్తాల మనిషి. మిలటరీ ట్రైనింగ్ నేర్చాక రాజ్యవిస్తరణ యుద్ధం ప్రకటిస్తే, మొదటి పది టర్నులు సైన్యానికి రెండడుగుల చురుకు, ఐదు పాయింట్ల బలం ఎక్కువ. పక్కరాజు మంచివాడా, వర్తకం బాగా సాగుతోందా అన్నది అనవసరం. పదిరోజుల పెళ్ళి హాలు బుక్ చేసుకున్నాం, పెళ్ళికొడుకుని వెతకాలి, అంతే.

ఇక్కడే హరాల్డ్ హర్‌డ్రాడా గురించి చెప్పుకోవాలి. ఆరో ఆటలో నార్వే రాజాయన. కంప్యూటరు ఆడించేటప్పుడు ఆయనకి ఒకటే పట్టు: ఎదుటివాడికి ఓడలున్నాయా లేవా. ఉంటే గౌరవిస్తాడు, లేకపోతే చిన్నచూపు. మన రాజ్యానికి సముద్రం లేకపోవచ్చు. చుట్టూ కొండలూ ఇసకా ఉండి, ఒంటెలకే నీళ్ళు చాలకపోవచ్చు. అయినా సరే, ఆయన వచ్చి గడ్డం ఊపుతూ నీ నౌకాదళం ఏదీ అంటాడు. పెళ్ళికొచ్చి, మా ఊళ్ళో అయితే గుత్తివంకాయలో జీడిపప్పు వేసేవాళ్ళండీ అని పందిరి రాట పట్టుకుని నించునే పెద్దమనిషి బాపతు. సరే, ఈయన చరిత్రయినా ఓడలకి అంత ఋణపడి ఉందా అని చూస్తే, 1066లో ఇంగ్లండు మీదికి మూడువందల ఓడలతో దండెత్తాడని చెబుతారు. మరి ఎక్కడ పోయాడు? సముద్రంలో కాదు, స్టాంఫర్డ్ బ్రిడ్జి దగ్గర ఏటి పక్కన, గట్టినేల మీద. ఆ రోజు ఎండగా ఉందని సైనికులు కవచాలు విప్పి ఎక్కడ పెట్టొచ్చారయ్యా అంటే, ఓడల్లో! మిగిలినవాళ్ళని తీసుకుపోవడానికి 24 ఓడలు సరిపోయాయట. ఓడలుండటం వల్ల ఏమవుతుందో ఇంత దగ్గరగా తెలుసుకున్న మనిషి ఎడారి రాజుకి పాఠం చెప్పడానికి రావచ్చునా? ఇది ఆటకి అక్కరలేని ప్రశ్నే. అయినా అడగక మనసొప్పదు.

హరాల్డ్‌ని చూసి నవ్వుతాం. నిజానికి ఆయనకున్నది ఒకే కన్ను, పైగా అది ప్రోగ్రాం రాసినవాళ్ళు పెట్టింది. మనం రెండు కళ్ళున్నవాళ్ళమై ఉండి, తెరమీది రెండు ముక్కలు చదివి ఒకటి మూసుకుంటున్నాం.

నిన్ను ఎవరు బలవంతపెట్టారు, ఆ గుణాన్ని పక్కనపెట్టి ఆడుకోవచ్చుగా అని అడిగేవాళ్ళున్నారు. కింది స్థాయిల్లో ఆడుకోవచ్చు. డీటీ అనే పై స్థాయిలో ఆరో ఆట ప్రతి ప్రత్యర్థికీ ఊళ్ళు పెట్టే సెట్లర్లని ముగ్గుర్నిచ్చి మనకి ఒక్కణ్ణే ఇస్తుంది. అక్కడ ఉన్న ఒక్క వరాన్నీ కాదనుకోవడం, పేకాటలో జోకరు వచ్చిందని సిగ్గుపడి పారేసినట్టు. అంటే ఆట ఎంత బాగా వస్తే స్వేచ్ఛ అంత తక్కువ. గుణాలే లేకపోతే అందరూ ఒకేలా ఆడతారన్నది ఇంకో అభ్యంతరం. 1991 నాటి మొదటి ఆటలో స్వభావాలన్నీ కంప్యూటరు రాజులకే. మనిషికి ఏ వరమూ లేదు. 2001లో మూడో ఆటతో అవి మనకీ అంటుకున్నాయి. అంతకుముందు మన పద్ధతిని నేల నిర్ణయించేది, అదీ ఒక కట్టుబాటే కదా అంటే, ఒప్పుకుంటాను. కానీ నేల చీకట్లోంచి గడి గడిగా బయటపడుతుంది. ఇక్కడ కొండ ఉందని ఇరవయ్యో టర్నులో తెలిసి బుద్ధి మార్చుకుంటాం. గుణం అలాక్కాదు. నేల ఇంకా కనబడకముందే జాతకం చేతికొచ్చేస్తుంది. అది ఎడారిలో పుట్టినవాడికి ఓడల జాతకమైనా సరే, రాసింది రాసినట్టే.

నాలుగో ఆటలో స్పిరిచువల్ అనే గుణం ఉంది. ప్రభుత్వాన్ని ఎన్నిసార్లు మార్చినా ఆ దేశంలో అరాచకం రాదు. అందుకని ఆడేవాళ్ళు ఆ దేశం చేత అవసరమున్నా లేకపోయినా ప్రభుత్వాలు మార్పిస్తూనే ఉంటారు. ఆ గుణం పేరు వింటే ఆట పక్కకి పోయి ఇళ్ళు గుర్తొస్తాయి. ప్రతి ఇంట్లోనూ ఒక పిల్ల ఉంటుంది, సర్దుకుపోయే పిల్ల అని నాలుగేళ్ళప్పుడే చుట్టాలు పేరు పెట్టేసిన పిల్ల. ఆ మాట వృథా పోనివ్వకుండా ఇంటిల్లిపాదీ వాడుకుంటారు. గది మార్చాలంటే ఆ పిల్లదే, చదువు ఆపాలంటే ఆ పిల్లదే, ముసలాయన్ని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న వస్తే అన్ని తలలూ తిరిగేది అటే. ఎప్పుడూ అరాచకం రాలేదు కాబట్టి, ఆ పిల్లకి బాధ లేదనుకున్నారు. ఆమెకి ఇంకేదైనా గుణం ఉండేదేమో తెలీదు. మొదటి తెరమీద రాసిలేదు మరి.