ఒక వాల్వు మీద మహజరు

ఫిర్యాదు చేయడంలో మా ఖమ్మం జిల్లాకి పెద్ద వారసత్వమే ఉంది. నేలకొండపల్లి గోపన్నగారు పాల్వంచ తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో కూచుని, ఏ నగకి ఎన్ని మొహరీలయ్యాయో సాక్షాత్తు రాములవారికే లెక్కచెప్పి నిలదీశాడు. ఆ బాకీ రామలక్ష్మణులే వచ్చి తానీషాకి కట్టేసి వెళ్లారంటారు. నాది అంత బాకీ కాదు, వాషింగ్ మెషిన్ రిపేరు తాలూకు ఖర్చు. కట్టడానికి ఏ దేవుడూ రాలేదు. అందుకని లెక్క పాఠకులకి చెప్పుకుంటున్నాను.

అభియోగం ఇదీ. మెషిన్ ఆపేసినా డ్రమ్ములోకి నీళ్లు సన్నగా కారుతూనే ఉంటాయి. రాత్రి ఖాళీగా ఉన్న డ్రమ్ము తెల్లారేసరికి సగం నిండి ఉంటుంది. ఎలాగూ నీళ్లు పడుతున్నాయిగా, ఇడ్లీకి మినప్పప్పు ఇందులోనే నానబోస్తానంది మా ఇంటావిడ.

సర్వీసు సెంటరు నుంచి వచ్చిన కుర్రవాడు మెషిన్ వెనక్కి తొంగి కూడా చూడలేదు. రెండు బటన్లు నొక్కి, "బోర్డు పోయింది సార్" అన్నాడు. బోర్డు ఖరీదు వేలల్లో చెప్పాడు. నా మొహం చూసి జాలిపడి, అంత పెట్టేబదులు పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోమని హితవు పలికి, విజిటింగ్ చార్జీ పుచ్చుకుని వెళ్లాడు. చావు కబురు చెప్పినందుకు కూడా చార్జీ ఉంటుందని అప్పుడే తెలిసింది. తరవాత వచ్చిన ఎలక్ట్రీషియను ఎర్తింగ్ సరిగా లేదన్నాడు. ప్లంబరు పైపులన్నీ మార్చాలన్నాడు. పక్కింటాయనైతే గోడ మీంచే తేల్చేశాడు: "మెషిన్ ఆగ్నేయంలో పెట్టారు కదండీ, నీళ్లు నిలకడగా ఎట్లా ఉంటయి?"

ఇంతమంది పండితుల్లో ఒక్కరూ అనుమానించని దొంగ ఒకడున్నాడు. మెషిన్ వెనక పైపు బిగించే చోట, గుప్పిట్లో పట్టేంత ప్లాస్టిక్ ముక్క. పేరు ఇన్‌లెట్ వాల్వు. దాని లోపల ఒక రబ్బరు పొర, ఆ పొరకి సూదిమొనంత బెజ్జం, పైన ఒక కాయిలు, స్ప్రింగు మీద చిన్న ఇనప పుల్ల. కరెంటు లేనప్పుడు పుల్ల, పొర నడుమనున్న మరో దారిని మూసి ఉంచుతుంది. సూదిబెజ్జం గుండా పొర వెనక్కి చేరిన నీళ్లే పొరని అదిమి, పైపు మూసేస్తాయి. బోర్డు నుంచి కరెంటు రాగానే కాయిలు పుల్లని పైకి లాగుతుంది, వెనకున్న నీళ్లు జారిపోతాయి, పొర లేస్తుంది. అంటే నీళ్లని ఆపేది నీళ్లే. కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. కానీ ఆ బెజ్జంలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుందా, బోరునీళ్ల ఉప్పు గట్టిగా పేరుకుందా, పొర వెనక నీళ్లు నిండవు, వాల్వు మూసుకోదు.

మరి బోర్డు పోయిందో వాల్వు పోయిందో తేల్చుకోవడం ఎలా? ప్లగ్గు పీకేయాలి, అంతే. కరెంటే లేనప్పుడు బోర్డు ఆజ్ఞాపించేదేముంది? అప్పుడూ నీళ్లు కారుతుంటే తప్పు వాల్వుది. ప్లగ్గు పీకగానే ఆగిపోతేనే బోర్డుని అనుమానించాలి. ఈ పరీక్షకి పట్టే సమయం కన్నా విజిటింగ్ చార్జీ రసీదు రాయడానికే ఎక్కువ పడుతుంది.

ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడికి ఫోన్లో ఈ గోడు వెళ్లబోసుకుంటే, వాడు తన గోడు అందుకున్నాడు. అక్కడ బాయిలరు కాచిన నీళ్లు గదిగదికీ తిరిగి ఇల్లు వెచ్చబరుస్తాయట. ఆ నీళ్లకి దారి చూపేది మోటారుతో తిరిగే వాల్వు. భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలున్నట్టు దానికీ మూడు స్థానాలు: గదులకి, స్నానాల నీళ్లకి, రెంటికీ. అది మొరాయిస్తే మంచుకాలంలో ఇల్లు చల్లబడుతుంది, లేదా ఎండాకాలంలో కాలుతుంది. అయితే మోటారు పేటిక మీది నంబరు, పైపు 22 మిల్లీమీటర్లా 28 మిల్లీమీటర్లా, వైర్లెన్ని అన్నది చూసుకుంటే పాత వాల్వు ఏదో తెలిసిపోతుందట. చాలా రకాల్లో మోటారున్న పైభాగం ఒక్కటే మార్చుకోవచ్చు, పైపుల్లో నీళ్లు దించక్కర్లేదు. ఇల్లు వెచ్చబరుచుకోవడానికి డబ్బు పోసే దేశం! మాకా పని సూర్యుడు ఊరికే చేసిపెడతాడు. మే నెలలో డాబా మీది నల్లటి ట్యాంకు నుంచి కుళాయిలో వచ్చే నీళ్లకి గీజరు కూడా సిగ్గుపడుతుంది. అదే నీళ్లతో మా మెషిన్ 'కోల్డ్ వాష్' అని వెలిగించుకుని మరీ బట్టలు ఉడకబెడుతుంది.

వాల్వు కొనడం మరో పురాణం. కమాన్ బజారు నుంచి వైరా రోడ్డు దాకా షాపులవాళ్లందరూ "మోడల్ నంబరు చెప్పండి సార్" అన్నారు. నంబరు స్టిక్కరు మెషిన్ వెనక ఎప్పుడో తడిసి చెరిగిపోయింది. చివరికి ఒక పాత సామాన్ల కొట్టాయన పాత వాల్వు చేతిలోకి తీసుకుని, మూతులెన్ని, నిటారుగా ఉన్నాయా వంగి ఉన్నాయా, వైరు పిన్నులెలా ఉన్నాయి అని తిప్పి చూసి, జోడు తీసిచ్చాడు. కొన్ని వందలతో పోయింది. డబ్బు తీసుకుంటూ, "ట్యాంకు మెషిన్‌కి ఎంత ఎత్తులో ఉంది సారూ?" అని అడిగాడు. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. మామూలు వాల్వు సరిగా పనిచేయడానికి 0.3 బార్, అంటే దాదాపు పదడుగుల ఎత్తు నీళ్ల ఒత్తిడి కావాలి. పై పోర్షన్లో మెషిన్ పెట్టి, నెత్తిమీదే ట్యాంకు పెట్టుకునే మా బోటివాళ్లకి అదెక్కడిది? తక్కువ ఒత్తిడికి వేరే వాల్వులు దొరుకుతాయి.

కాబట్టి ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం గృహస్థులకు నా మనవి. బోర్డు పోయిందన్నవాడికి కుర్చీ వేసే ముందు ప్లగ్గు పీకి చూడండి. వాల్వు మూతిలో ఉండే చిన్న జల్లెడని అప్పుడప్పుడూ తీసి కడగండి. బజారుకి పాత వాల్వుని వెంట తీసుకెళ్లండి, ఫోనులో ఫొటో చాలదు. మెషిన్ వాడనప్పుడు కుళాయి కట్టేయండి.