సెక్రటరీగారి మెట్రో

ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా మెట్రో వస్తుందని పేపర్లో పడిందో లేదో, కాలనీ సంక్షేమ సంఘం సెక్రటరీగారు లెటర్‌హెడ్ల కట్ట బయటికి తీశారు. దాదాపు 7 కిలోమీటర్ల ఆ లైను రెండో దశ ప్రతిపాదన. ఆయన లెక్కలో మాత్రం రైలు వచ్చేసింది, ఎక్కడ ఆగాలన్నదే తేలాలి.

ఆయన్ని మీరెరుగుదురు. హైదరాబాద్‌లో కాలనీకొకరుంటారు. ఏదో శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. జేబులో రెండు పెన్నులు: నీలందాంతో అర్జీలు రాస్తారు, ఎర్రదాంతో ఎదుటివాళ్ల అర్జీలు దిద్దుతారు.

స్టేషన్ మన కాలనీకే రావాలి, మన వీధికి రాకూడదు, వచ్చినా మెట్లు అవతలి పక్కకే దిగాలి. ఇదీ ఆయన పక్షం. అవతలి కాలనీ సెక్రటరీ కూడా అచ్చం ఇలాగే రాసి పంపారని తెలిసి, “నా డ్రాఫ్టు ఎత్తేశాడు” అని నొచ్చుకున్నారు.

దూరం కొలవడానికి ఆయన దగ్గర మూడు టేపులున్నాయి. ఫ్లాటు అమ్మకం మాటొస్తే స్టేషన్ నాలుగడుగులు. వాళ్లావిడ మోకాళ్లతో నడవాల్సి వస్తే కిలోమీటరున్నర, ఆటోవాడు కూడా రాడు. పిల్లర్ల ప్రస్తావన రాగానే అదే స్థలం సరిగ్గా వాళ్ల గుమ్మంలో! పిల్లర్లు లేచేది రోడ్డు మధ్యన కదండీ, మీ ఇల్లు మూడో సందులో కదా అంటే, “వాస్తుకి సందులు అడ్డమా?” అన్నారు.

జనరల్ బాడీలో ఆయన మైకు పట్టారు. “2014లో సుల్తాన్‌బజార్ దగ్గర, అసెంబ్లీ దగ్గర లైను భూగర్భంలోంచి వేయమని సాక్షాత్తూ ముఖ్యమంత్రే అడిగారు. మనకేం తక్కువ?” చప్పట్లు మోగాయి. చివరికి రెండుచోట్లా రైలు నెత్తిమీంచే పోతోందని వెనక వరసలోంచి ఓ కుర్రాడన్నాడు. “నువ్వు ఈ ఏటి చందా కట్టావా నాయనా?”

నవ్వుతున్నాం గానీ, స్టేషన్ గొడవలన్నీ ఉత్త గొడవలేం కావు. సుల్తాన్‌బజార్ వ్యాపారులు ఏళ్ల తరబడి కొట్లాడింది కొట్ల కోసం. పాతబస్తీలో ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట లైనుకి రోడ్డు వెడల్పు చేయడానికి ఇళ్లూ దుకాణాలూ కూలగొట్టారు. మా సభకీ అలాంటివాడొకడు వచ్చాడు, మలుపులో టిఫిన్ బండి పెట్టుకునేవాడు. “మెట్లు యాడ దిగితే ఆడ నా బండి పోతది సార్” అన్నాడు. సెక్రటరీగారు శ్రద్ధగా విని, మంచి పాయింటన్నారు, వెంటనే అర్జీలో చేర్చారు కూడా: ‘మెట్రో వల్ల కలుగు లాభములు’ అన్న శీర్షిక కింద, ఆక్రమణల తొలగింపు అని.

ఈమధ్య ఆయనకి కొత్త సంగతి తెలిసింది. పాతబస్తీ లైనులో రాబోయే చార్మినార్ స్టేషన్, చార్మినార్‌కి 500 మీటర్ల అవతలట. అయినా పేరు చార్మినారే! ఆ రాత్రే డ్రాఫ్టు మారిపోయింది. స్టేషన్ ఎక్కడైనా కట్టుకోండి, పక్క కాలనీలో కట్టినా మాకు అభ్యంతరం లేదు, పేరు మాత్రం మాదే పెట్టండి అని.

ఉత్తరం ఇంకా వెళ్లలేదు. స్టేషన్ బోర్డు మీద కాలనీ పేరు పక్కన ‘ఫేజ్-2’ ఉండాలా వద్దా అన్నదానిమీద కార్యవర్గం రెండుగా చీలింది.