ఎవురి పిల్లవు?

మా అనంతపురం పల్లెల్లో బస్సు దిగిన మనిషిని పేరు అడగరు. "ఎవురి పిల్లవమ్మా?" అని అడుగుతారు. నాన్న పేరు చెబితే తాత పేరు, తాత పేరు చెబితే ఆయన తాకట్టు పెట్టి విడిపించుకోని మూడెకరాల సంగతి బయటికొస్తాయి. టీ గ్లాసు ఖాళీ అయ్యే లోపల మన వంశచరిత్ర మనకే కొత్తగా వినిపిస్తుంది.

ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికే నేను ఇంజనీరింగు చదివాను. బెంగళూరు పోయాను. అక్కడ అపార్టుమెంటు లిఫ్టులో అనంతపురం ఆంటీలు ఎదురయ్యారు. ఇంక దేశమే దాటాలని తీర్మానించుకున్నాను. పరాయి దేశపు కంపెనీకి ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ళ కోసం స్పెయిన్ 2023లో ఒక వీసా మొదలుపెట్టింది. మా ఆయనకు కొండలు కావాలి, నాకు నన్నెరగని మనుషులు కావాలి. గ్రనాడా దగ్గర, సియెర్రా నెవాడా కొండల దక్షిణపు వాలులో, అల్పుహార్రా అనే సీమలో రెండువందల గడప కూడా లేని ఊరొకటి చూసుకుని దిగాం.

బస్సు దిగి సూట్‌కేసు నేల మీద పెట్టానో లేదో, గుమ్మం ముందు కుర్చీ వేసుక్కూర్చున్న నల్లచీర... కాదు, నల్లగౌను అవ్వ ఒకామె నన్ను నఖశిఖపర్యంతం చూసి అడిగింది: "ఈ తూ, దె కియెన్ ఎరెస్?"

మూడు నెలలు ఫోన్లో నేర్చుకున్న స్పానిష్‌ను కూడబలుక్కుని అర్థం చేసుకున్నాను. మరి నువ్వు, ఎవరిదానివి?

తప్పుగా అర్థమైందేమో అనుకున్నాను. కాలేదు. స్పెయిన్ పల్లెల్లో కొత్త మొహాన్ని అడిగేది అదేనట. ఎనిమిది వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి మా ఊరి బస్టాండులోనే దిగినట్టయింది.

ఇంటికెళ్ళి తల పైకెత్తితే రెండో దెబ్బ. స్పెయిన్ ఇల్లంటే ఎర్రపెంకులూ వంపు తోరణాలూ ఊహించుకున్నాను. ఇది మట్టి మిద్దె! చెక్క దూలాలు, వాటి మీద రాతి పలకలు, ఆపైన లౌనా అనే బూడిదరంగు బంకమన్ను. అల్పుహార్రా ఇళ్ళన్నీ ఇంతే, చదును కప్పులు. మా తాత మిద్దె మీద ఏటా వానలకు ముందు చౌడుమన్ను పరిచి తొక్కడం గుర్తొచ్చింది. ఆ మిద్దె కారుతోందని అమ్మేసి సిమెంటు స్లాబు వేసుకున్న కుటుంబం మాది. ఇప్పుడు అలాంటి మిద్దె కిందే యూరోల్లో అద్దె కట్టి పడుకుంటున్నాను.

ఈ కొండల్లోకి వచ్చిన మొదటి పిచ్చివాళ్ళం మేమేం కాదు. జెరాల్డ్ బ్రెనన్ అనే ఇంగ్లీషు రచయిత 1920లో ఇక్కడి యెగెన్ అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని, రెండువేల పుస్తకాలు తెప్పించుకుని కాపురం పెట్టాడు. మేము రెండు కిలోల చింతపండు, మూడు కిలోల కారప్పొడి తెచ్చుకున్నాం. ఆయన్ను చూడ్డానికి 1923లో వర్జీనియా వుల్ఫ్ వచ్చింది. మమ్మల్ని చూడ్డానికి మొదటి వారంలోనే సగం ఊరు వచ్చింది. పరిశీలనలో వాళ్ళు వుల్ఫ్‌కు తీసిపోతారని నేననుకోను. పోపులపెట్టెలో ఏడు గిన్నెలున్నాయని నాకంటే ముందు లెక్కపెట్టింది వాళ్ళే.

తర్వాత పంచాయతీ ఆఫీసు. ఊళ్ళో ఉంటున్నామని జనాభా పుస్తకంలో పేరు రాయించుకోవాలి. పడ్రోన్ అంటారు. అది లేకపోతే ఏ కాగితమూ కదలదు. అక్కడ స్పెయిన్ వాళ్ళకు ఇంటిపేర్లు రెండు: నాన్నది ఒకటి, అమ్మది ఒకటి. పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. కౌంటర్లో ఆయన నా పాస్‌పోర్టు తిరగేసి, "రెండోది ఏది?" అన్నాడు.

"లేదండీ."

"మీ అమ్మగారికి ఇంటిపేరు లేదా?"

"ఉండేది. పెళ్ళయ్యాక పోయింది."

"పోయిందా!" అని ఆయన కలం కిందపెట్టేశాడు. పర్సు పోయిందంటే కూడా అంత జాలిపడి ఉండడు. పరాయి దేశస్థులకు ఆ గడి ఖాళీగా వదలొచ్చని ఆయనకూ తెలుసు, కానీ మనసొప్పలేదు. ఆ రాత్రి ఫోన్లో అమ్మకు చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పుట్టింటి పేరు ఒక్కొక్క అక్షరం విడమరిచి చెప్పింది. "రాసుకో, మళ్ళా అడిగితే చెప్పు. నలభై ఏండ్లయింది, దాన్నెవురన్నా అడిగి" అంది. ఆ వెంటనే మామూలు ధోరణిలోకొచ్చి, "మీ మేనమామ బావమరిది కొడుకు బార్సిలోనాలో ఉండాడంట. కనపడినాడా?" అని అడిగింది. అనంతపురం నుంచి హైదరాబాదు పోయి, మళ్ళీ అనంతపురం వచ్చినా బార్సిలోనా దూరం ఇంకా మిగులుతుందని చెప్పాను. "అయితే ఏం? ఒకే దేశం గదా" అంది.

ఇక్కడి వేళలు కుదుటపడటానికి చాలా రోజులు పట్టింది. మధ్యాహ్నం రెండింటికి ఊరు తలుపులు వేసుకుంటుంది, ఐదింటికి తీస్తుంది. రాత్రి భోజనం పదింటికి. అమ్మ దృష్టిలో ఇది ఊరు మొత్తానికీ వచ్చిన సోమరిరోగం. అసలు తప్పు గడియారానిది. 1940లో ఫ్రాంకో దేశపు గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరిపి జర్మనీ వేళకు కలిపాడు. యుద్ధం ముగిసింది, ఫ్రాంకో పోయాడు, ముళ్ళు మాత్రం వెనక్కి రాలేదు. వేసవిలో సూర్యుడు మా ఊరి నడినెత్తికొచ్చేసరికి గడియారంలో రెండుంపావు అవుతుంది. అంటే వీళ్ళు తినేది పొద్దు నడినెత్తికొచ్చినప్పుడే, మా తాత లాగే. మా తాతకు గడియారం లేదు కాబట్టి పంచాయితీ రాలేదు.

కొళాయి బాగుచేసే ఆయనది మరో లెక్క. "ఎప్పుడొస్తారు?" అంటే "మన్యానా" అంటాడు. రేపు అని. స్పెయిన్‌కు వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఈ మాటకు జుట్టు పీక్కుంటారట. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. నా చిన్నప్పుడు ఊళ్ళో తలుపు తలుపుకీ "ఓ స్త్రీ రేపు రా" అని బొగ్గుతో రాసి దయ్యాన్నే వాయిదా వేసిన జాతి మనది. కొళాయి మనిషెంత?

నా పరువు పోయింది మాత్రం జూలైలో. ఎండలు మండుతున్నాయి. నల్లగౌను అవ్వ మా పక్కిల్లే. ఒకరోజు జగ్గు నిండా ఎర్రటి చారు తెచ్చి ఇచ్చింది. ముట్టుకుంటే చల్లగా ఉంది. టమాటా, దోసకాయ, క్యాప్సికం, వెల్లుల్లి వాసన. పాపం ముసలావిడ, గ్యాస్ అయిపోయి కాగబెట్టకుండానే ఇచ్చిందనుకున్నాను. పొయ్యి మీద పెట్టి బాగా మరిగించాను. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు వేసి, ఇంగువ దట్టించి తాలింపు పెట్టాను. అమోఘంగా కుదిరింది. కృతజ్ఞత ఊరుకోనిస్తుందా? ఒక గిన్నెలో పోసి, పొగలు కక్కుతుండగా తీసుకెళ్ళి అవ్వకే ఇచ్చాను.

అవ్వ గిన్నెలోకి చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ గిన్నెలోకి చూసి ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుంది. అది గాస్పాచోనట. పచ్చి కూరగాయలు ఆలివ్ నూనెతో, నానిన రొట్టెతో రుబ్బి, చల్లబరిచి, ఎండాకాలం ప్రాణం లేచొచ్చేలా తాగేదట. నేను దాన్ని ఉడకబెట్టాను. ఎవరో మన మజ్జిగను పొయ్యి మీద తెర్లబెట్టి, "మీదే, కాస్త బాగుచేశాను" అని తిరిగిచ్చినట్టు.

సాయంత్రానికి ఊరంతా పాకింది. ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక ఎగతాళి పేరుంటుంది, రాతల్లో రెండు ఇంటిపేర్లున్నా వాడుకలో అదే చెల్లుతుంది. మాకూ ఒకటి పడింది: "వేడి గాస్పాచోవాళ్ళు". మర్నాడు రొట్టెల బండి హారన్ కొడితే వెళ్ళాను. ఎవరో కొత్తామె నన్ను చూపించి "దె కియెన్ ఎస్?" అంది. బండివాడే చెప్పాడు, "వేడి గాస్పాచో" అని. ఆమె తల ఊపింది, అంతా అర్థమైనట్టు.

అప్పటి నుంచి సాయంత్రం కుర్చీల్లో నాకూ ఒక కుర్చీ పడింది. వేసవిలో పొద్దు దిగగానే కుర్చీలు వీధిలోకొస్తాయి. మన అరుగుల మీది కబుర్లే. కాదిస్ జిల్లాలోని అల్గార్ అనే ఊరి మేయరు ఈ కుర్చీల కబుర్లను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చాలని 2021లో కదిలాడు కూడా. కుర్చీలే మిగిలి మనుషులు పోతారని భయం కాబోలు. ఈ దేశంలో ఎనిమిది వేల పైచిలుకు పంచాయతీలుంటే, దాదాపు ఐదు వేలలో వెయ్యిమంది జనం కూడా లేరు. మా వీధిలో సగం తాళాలు తుప్పు పట్టాయి. బస్సు దిగిన ప్రతి మనిషినీ ఎవరిదానివని ఎందుకు అడుగుతారో నాకు ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. అసలు బస్సు దిగేవాళ్ళేరి?

ఒకరోజు ఎనిమిదింటికి అవ్వ అడిగింది, ఇండియాలో ఏ ఊరని. బెంగళూరు దగ్గరన్నాను. ఎంత దగ్గర, ఏ ఊరు? వదలదు. ఎలాగూ తెలియదులెమ్మని "అనంతపురం" అని గొణిగాను.

అవ్వ చేతిలో అల్లికసూదులు ఆగాయి. "అనంతపూర్? విసెంతె ఫెర్రెర్ ఊరు?"

ఆయన పుట్టింది 1920లో బార్సిలోనాలో. మా అనంతపురానికి వచ్చింది 1969లో. ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టి, చెరువులూ బడులూ ఆసుపత్రులూ కట్టించి, 2009లో మా ఊళ్ళోనే పోయాడు. నెలనెలా కొంత డబ్బు పంపుతూ మా జిల్లా పిల్లల్లో ఒకరి బాగు చూసుకునే మామూలు జనం స్పెయిన్‌లో చాలామంది ఉన్నారు. ఇది నాకు తెలుసు. వాళ్ళలో ఒకరు మా పక్కింట్లో ఉంటారని తెలియదు.

అవ్వ లోపలికెళ్ళి ఫోటో తెచ్చింది. రెండు జడలు, బడి యూనిఫారం. వెనక ఊరి పేరు. "ఈ పిల్ల నీకు తెలుసా?" అంది.

నవ్వబోయి ఆగిపోయాను. బార్సిలోనా గుర్తొచ్చింది. అనంతపురం జిల్లాలో లక్షలమంది ఉంటారని చెప్పాను. "అయితే ఏం?" అంది అవ్వ. "మీ అమ్మను అడుగు."

అక్కడ రాత్రి పదకొండున్నర. అమ్మ రెండో రింగుకే ఎత్తి, "ఏమైందే?" అంది. ఏమీ కాలేదని చెప్పి ఫోటోను కెమెరా ముందు పెట్టాను. అమ్మ కళ్ళజోడు వెతుక్కుని చూసింది.

"ఎవురి పిల్ల?"

అవ్వ వైపు తిరిగి అదే ప్రశ్న ఆమె భాషలో అడిగాను. అవ్వ ఒక్క మాటే అంది: "మీయా."

"నాది అంటోందమ్మా."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "ఆహా. ఏ ఊరో చెప్పు, రేపు కనుక్కుంటా."

ఏమందని అవ్వ అడిగితే "మన్యానా" అన్నాను. కుర్చీలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. మన్యానా అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. మా అమ్మ సంగతే తెలీదు.

పొద్దున రొట్టెల బండి హారన్ కంటే ముందు మా ఇంట్లో ఫోన్ మోగింది.

"దొరికిందే," అంది అమ్మ. "మీ పెద్దమ్మ కోడలి పుట్టిల్లు ఆ ఊరే."