కుర్చీ కదలకుండా కుర్రకారు చరిత్ర

ప్రపంచీకరణ కాలంలో మన నగరాల కుర్రకారు ఏం విన్నారు, ఏం చూశారు, ఏం తొడుక్కున్నారు? ఈ చరిత్ర రాయాలని ఉబలాటపడేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ల కోసమే ఈ ఆరు చిట్కాలు. పాటిస్తే ఎండ తగలదు, దుమ్ము అంటదు, పుస్తకం మాత్రం వచ్చేస్తుంది.

1. 1991తో మొదలెట్టండి. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు, సాయంత్రానికల్లా హైదరాబాద్ కుర్రాళ్లు జీన్స్ తొడిగేశారు అని రాసేయండి. మరి 1985 నాటి ‘దొంగ’ సినిమాలో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ తరహాలో చిరంజీవి వేసిన స్టెప్పుల సంగతేమిటని ఎవరైనా అడిగితే, ‘అది కాపీ’ అని ఒక్క మాటతో కొట్టిపారేయండి. ఆ స్టెప్పులున్న పాటే ఇరవై ఏళ్లు దాటాక ‘ఇండియన్ థ్రిల్లర్’ పేరుతో ఇంటర్నెట్‌లో విదేశీ కుర్రాళ్లను కడుపుబ్బ నవ్వించిందని మాత్రం ఎత్తకండి. సరుకు అటు నుంచి ఇటే వస్తుందని ముందే తేల్చుకున్నాక, తిరుగు టపా గొడవ మనకెందుకు?

2. విదేశమంటే అమెరికా ఒక్కటే. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఇళ్లలోకి టూ ఇన్ వన్ ఎక్కడినుంచి వచ్చిందో వెతకొద్దు. వెతికితే దుబాయ్‌లోనో కువైట్‌లోనో కూలికి పోయిన అన్నయ్య సూట్‌కేసు బయటపడుతుంది. అందులో సెంటు సీసా, లుంగీ, పిల్లలకు చాక్లెట్లు కూడా ఉంటాయి. అమీర్‌పేటలో జావా నేర్చుకుని డాలస్‌లో దిగినవాడు ప్రపంచీకరణ బిడ్డ. అంతకు పదేళ్ల ముందే షార్జా చేరిన తాపీమేస్త్రి వట్టి వలస కూలీ. ఈ తేడా చెరగనివ్వకండి. అన్నట్టు, పిజ్జా గురించి ‘విదేశీ దాడి’ అని రాసే పేజీలోనే ఇరానీ చాయ్‌ని ‘మన సొంత సంస్కృతి’ అని మెచ్చుకోండి. ఆ పేరులోనే ఒక దేశం ఉందని ఎవరూ గమనించరు.

3. అట్ట మీద హైదరాబాద్ సైబర్ టవర్స్ ఫొటో వేయండి. 1998లో ప్రారంభమైన భవనం, గుండ్రంగా, అందంగా ఉంటుంది. అమీర్‌పేట మైత్రీవనం వైపు పోతే అన్నీ చిక్కులే. అక్కడి గోడల మీద ఒరాకిల్ పోస్టర్ మీద జావా పోస్టర్, దాని మీద శాప్ పోస్టర్. మైదాపిండి జిగురు ఎండిన ఆ పొరల్ని ఒక్కొక్కటే ఊడదీస్తే ఏ ఏడు కుర్రాళ్లు ఏ ఆశతో బస్సు దిగారో తెలిసిపోతుంది. ఆ పక్క సందులో హాస్టళ్లు, మెస్సులు, ఒక గదిలో నాలుగు మంచాలు, నాలుగు జిల్లాల యాస. ఇదంతా ఫొటోలో పట్టదు. పట్టనిది చరిత్ర కాదు.

4. అమ్మాయిల్ని వదిలేయండి. కటౌట్ కట్టినవాళ్లు, బెనిఫిట్ షోకి గేటు దూకినవాళ్లు చాలరా? యువజన సంస్కృతి పరిశోధనల్లో ఆడపిల్లలు ఏరని బ్రిటన్‌లో పరిశోధకులు ఏంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ 1976లోనే నిలదీశారు. వీధిలో కనిపించకపోతే ఇంటి గదుల్లో చూడమన్నారు. ఆ మాట విని మనం గదుల్లోకి వెళితే, బీరువా తలుపు లోపలివైపు వారపత్రిక నుంచి కత్తిరించి అంటించుకున్న హీరో బొమ్మ కనబడుతుంది. నాన్న చూడకుండా లోపలివైపు. అప్పుడు మొదటి అధ్యాయం నుంచీ మళ్లీ రాయాలి.

5. అభిమానులను గొర్రెలనండి. పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ సినిమా అభిమాన సంఘాలను ఏళ్ల తరబడి పరిశీలించి 2009లో ‘మెగాస్టార్’ అనే పుస్తకం తెచ్చారు. దాని ప్రకారం అభిమాని హీరోకి దండం పెట్టి ఊరుకోడు, హీరో ఎలా ఉండాలో కూడా తనే చెబుతాడు. ఇలాంటివి చదివితే తిట్టడానికి నోరు రాదు. కాబట్టి చదవొద్దు.

6. పాత సామాను తూకానికి వేసేయండి. మా అటక మీది అట్టపెట్టెలో ఒక 90 నిమిషాల క్యాసెట్ దొరికింది. చీటీ మీద పాటలు రాసిస్తే రికార్డింగ్ షాపువాడు నింపి ఇచ్చే రోజులవి. లోపలి కార్డు మీద నీలిసిరాతో అతని చేతిరాత. ‘ఎ’ వైపు ‘గీతాంజలి’, ‘శివ’ సినిమాల్లోని ఇళయరాజా పాటలు. ‘బి’ వైపు రెండు గజళ్లు, వాటి కింద ‘మైకల్ జాక్షన్’. ఆఖరి పాట పక్కన బ్రాకెట్‌లో ‘సగం’. టేపు అయిపోయింది మరి! ఇళయరాజా, గజల్, జాక్సన్ ఒకే కుర్రాడి జేబులో ఇమిడారని, ఆ వరుస కంపెనీ కాకుండా అతనే పేర్చుకున్నాడని ఆ కార్డు చెబుతుంది. మీ సిద్ధాంతానికి ఇంత ప్రమాదకరమైన వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదు.

మొదటి అయిదు చిట్కాలు మీ ఇష్టం, తప్పు రాస్తే రేపు ఇంకొకరు దిద్దుతారు. ఆరోది మాత్రం దయచేసి పాటించకండి. ఆ చీటీ రాసిచ్చిన కుర్రాడికి ఇప్పుడు యాభై దాటింది. ఆ పాటలే ఎందుకు ఎంచుకున్నాడో అడిగితే చెబుతాడు. ఈ ఆదివారం అటక ఎక్కండి.