నిన్నటికంటే నయం

మొన్న మా మనవడు వాళ్ల నాన్న పక్కన నిలబడి, "నా నుంచి నాన్న పొట్టి" అన్నాడు. "నుంచి" ఎక్కడిదో నాకు తెలుసు. హిందీలో "సే" ఒక్కటే మన "తో", "నుంచి", "కంటే" మూడింటి పనీ చేస్తుంది. రాయ్‌పూర్‌లో పుట్టిన పిల్లాడు, దిద్దుకుంటాడు. నాకు గుచ్చుకున్నది "పొట్టి".

మా రోజుల్లో అయితే "నాన్నకంటే నేను పొడుగు" అనేవాళ్లం. కొలత అదే. కానీ తండ్రికి పొట్టివాడన్న పేరు రాదు. పొట్టివాణ్ణయినా "ఎంత పొడుగు?" అనే అడుగుతాం. "ఎంత పొట్టి?" అన్నామా, పొట్టి అని ముందే తేల్చేసినట్టు. లోతూ దూరమూ అంతే. నూతిలో నీళ్లు మోకాలి బంటే ఉన్నా "ఎంత లోతు?" అనే అంటాం. జంటమాటల్లో ఒకటి కొలవడానికి, రెండోది తీర్పు చెప్పడానికి. ఏది ఎప్పుడు వాడాలో ఇంట్లో పెద్దల నోట వింటూనే నేర్చుకున్నాం.

విజయనగరం లైను 1931లో రాయ్‌పూర్ దాకా పూర్తయింది. ఆ బండిలోనే మా నాన్న ఉద్యోగానికి వచ్చారు, ఆ మాటతీరూ వెంట వచ్చింది. పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన మా బామ్మ "పెద్దపిల్లకంటే ఒక చాయ తక్కువ" అనేది, "నలుపు" అనేది కాదు. రంగు చూడటమే తప్పు, కాదనను. కానీ ఆ మాట పిల్ల చెవిన పడినా గాయం కాకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. చదువు రాని పిల్లాడు మొద్దు కాదు, "అన్నంత చదవడు", అంతే.

తప్పంతా హిందీ మీదికి నెట్టలేను. మా పక్కింటి హిందీ పెద్దాయన ఇద్దరిలో ఒకరు కాస్త తగ్గితే "ఉన్నీస్" అనేవాడు, రెండోవాళ్లు "బీస్". పంతొమ్మిదికీ ఇరవైకీ ఉన్నంతే తేడా. ఆయన మనవలూ ఇప్పుడు "బెటర్, బేకార్" అంటున్నారు.

అన్నిటికంటే ఎక్కువగా నేను పోగొట్టుకున్నది "నయం" అనే మాట. జబ్బుమనిషి గురించి అడిగితే "నిన్నటికంటే నయం" అనేవాళ్లం. నయం కాకపోతే దానికి ఎదురుమాట వాడేవాళ్లం కాదు. "నిన్నటిలా లేదు" అని ఆగిపోయేవాళ్లం. విన్నవాళ్లకు అర్థమయ్యేది, బయల్దేరి వచ్చేవాళ్లు.

పోయినేడు మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు విజయనగరం నుంచి ఫోనొచ్చింది. మా అబ్బాయి మంచం పక్కనే నిలబడి, "నిన్నటికంటే వరస్ట్‌గా ఉంది" అన్నాడు.

ఆవిడ మెలకువగానే ఉంది.